తిప్పి పంపిన మూడు మానిటర్లు

“తేడా మానిటర్లో లేదు మణీ, నీ కళ్ళల్లో ఉంది. ఒకసారి డాక్టరుకి చూపించుకో.”

“ముందు నీ కళ్ళజోడు తుడుచుకోవయ్యా. రంగుల గురించి నాకే చెప్పొచ్చావు!”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవి. గవర్నర్‌పేటలో మేమిద్దరం పనిచేసిన కలర్ ల్యాబులో, మధ్యాహ్నం టీ తాగుతూ అనుకున్నాం. ఆయన గ్లాసు కింద పెట్టి, ఇబ్రహీంపట్నంలో ఒక స్టూడియోకి ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఆ స్టూడియో బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేలోపే ఒరిగిపోయాడు. గుండెపోటు అన్నారు.

నా పేరు నాగమణి. ముప్ఫై ఏళ్ళకి పైగా ల్యాబులో రంగు చూసే పని చేసి, పోయిన ఏడు మానేశాను. సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం పుస్తకం వేస్తున్నారట. ఫోటోలు దిద్దడానికి మంచి మానిటర్ ఎలా ఎంచుకోవాలో నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. నేను చెబుతున్నాను, మా ఆడపడుచు కూతురు శైలజ రాస్తోంది. శైలజ చల్లపల్లిలో ఇంట్లోనే పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. పని తెలిసిన పిల్ల కాబట్టి నా మాట తప్పు రాయదు.

మానిటర్ సంగతి చెబుతాను. దాంతోపాటు ఒక మనిషి సంగతి కూడా చెప్పాలి. మా ల్యాబులో సురేష్ అని కంప్యూటర్ ఆపరేటర్ ఉండేవాడు. అతనికి రంగు తెలియదని ఈ ఊళ్ళో ల్యాబులన్నిటికీ పేరు పాకింది. ఎక్కడా పని ఇవ్వలేదు. ఇప్పుడు గుడివాడలో కొత్త ల్యాబు పెడుతున్న ఒకాయన, సురేష్‌ని తీసుకోవచ్చా లేదా అని వాకబు చేస్తున్నాడట. ఆ పెద్దమనిషి నిర్ణయం తీసుకునే ముందు ఇది చదవాలని నా కోరిక.

రంగు చూడటం అంటే

మా అమ్మ కొల్లేటి చేపలు అమ్మేది. చేపల బజారులో ఎర్ర పట్టా ఎందుకు కడతారో నాకు ఏడేళ్ళకే తెలుసు. ఎర్ర పట్టా నీడలో నిన్నటి చేప మొప్ప కూడా ఎర్రగానే ఉంటుంది. కొనేవాడు తెలివైనవాడైతే చేపని నీడలోంచి ఎండలోకి తెచ్చి మొప్ప ఎత్తి చూస్తాడు. నేను ల్యాబులో చేసిందీ అదే పని. చేప బదులు పెళ్ళికూతురు, అంతే తేడా.

రీళ్ళ రోజుల్లో ప్రింటింగ్ మెషీన్ మీద మూడు బటన్లు ఉండేవి. పసుపు, రాణి రంగు, నీలం. వాటి మీద ఏం రాసి ఉందో నాకు అక్కర్లేదు. మొదటి ప్రింటు రాగానే వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూసేదాన్ని. జడలో మల్లెపూలు తెల్లగా ఉన్నాయా, జుట్టు నల్లగా ఉందా ఎర్రబారిందా, ముఖం ముఖంలా ఉందా. ఈ మూడూ కుదిరితే మిగతావి వాటంతట అవే కుదురుతాయి. మా ఆయన మెషీన్ నడిపేవాడు. “పసుపు ఒకటి తగ్గించు” అంటే తగ్గించేవాడు. పెళ్ళయ్యాక ఆయన నా మాట విన్నది ఆ మెషీన్ దగ్గరే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆపరేటర్ చేతిలో మౌసు, నా నోట్లో మాట. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

అంగుళాల మోజు

మా యజమాని కోటేశ్వరరావు గారు. అంతకు ముందు ఉయ్యూరులో ఎరువుల కొట్టు నడిపాడు. బస్తా మీద బొమ్మ పెద్దదైతే సరుకు కదులుతుందని ఆయనకి అక్కడే తెలిసింది. ఆ తెలివిని ల్యాబుకి కూడా తెచ్చాడు.

“ఎంత పెద్దదయ్యా ఆ మానిటర్?” అని షాపతన్ని అడిగాడు.

“ముప్ఫై రెండు అంగుళాలు సార్.”

“అంతేనా? వచ్చినోళ్ళకి గుమ్మంలోంచే కనపడాలి.”

“అంతకన్నా పెద్దదంటే టీవీ అవుద్ది సార్.”

“టీవీ అయితే ఏం? దాంట్లో ఫోటో కనపడదా?”

టీవీయే వచ్చింది. అందులో పెళ్ళికొడుకులందరూ టమోటాల్లా మెరిసిపోయారు. మేమూ మురిసిపోయాం. తెర అంత ధగధగలాడుతుంటే ఫోటో బాగా వెలుగుగా ఉందనుకుని, నేనే ఒక్కో ఫోటోనీ కాస్త చీకటి చేయించాను. ప్రింటు వచ్చాక ఉయ్యూరు స్టూడియో ఆయన ఆల్బమ్ పట్టుకుని వచ్చాడు.

“అమ్మా, ఈ పెళ్ళి పగలు పదింటికి జరిగింది. మీ ఆల్బమ్‌లో కరెంటు పోయింది.”

కాగితంలో బల్బు ఉండదు, మానిటర్లో ఉంటుంది. ఇంత చిన్న సంగతి నాకు ఆ రోజు తెలిసింది. కొత్తగా వచ్చేవాళ్ళు చేయాల్సింది ఇదీ. మానిటర్లో ఖాళీ తెల్ల పేజీ పెట్టండి. పక్కన, గదిలో ఉండే వెలుతురులోనే ఒక తెల్ల కాగితం పట్టుకోండి. రెండూ ఒకేలా కనపడేదాకా మానిటర్ వెలుగు తగ్గించండి. వచ్చిన కస్టమరు “ఏంటండీ, మీ తెర నీరసంగా ఉంది” అంటాడు. అననివ్వండి.

షాపులో చిలకలు

టీవీ పోయి అసలు మానిటర్ కొనేటప్పుడు యజమానిని వెంటబెట్టుకుని నేనే షాపుకి వెళ్ళాను. షాపులో ప్రతి తెర మీదా చిలకలు, జలపాతాలు, కోసిన పుచ్చకాయలు. ఇది ఎర్ర పట్టా కాక మరేమిటి? మనకి చిలకలు ఎడిట్ చేసే పని ఎప్పుడైనా పడిందా?

“ఫోర్ కే మేడమ్! దీంట్లో వంద కోట్ల రంగులుంటాయి” అన్నాడు అమ్మే అబ్బాయి.

“అన్నక్కర్లేదు బాబూ. చామనచాయ ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు.”

నేను నాలుగు ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాను. వాటి ప్రింట్లు సంచిలో పెట్టుకున్నాను. చామనచాయ పెళ్ళికూతురు, నల్లకోటు పెళ్ళికొడుకు, తెల్లపంచె తాతగారు, జరీ అంచు పట్టుచీర. ఈ నలుగురూ ఏ మానిటర్నైనా నిలదీస్తారు. నల్లకోటులో బొత్తాలు కనపడాలి. తెల్లపంచెలో మడతలు కనపడాలి. కోటు తారు ముద్దలా, పంచె సున్నం గోడలా కనపడితే ఆ మానిటర్ ఎంత పెద్ద కంపెనీదైనా అక్కర్లేదు.

“ఆ పైన లైట్లు కాసేపు ఆపు బాబూ.”

“లైట్లాపితే షాపు మూసేశారనుకుంటారు మేడమ్!”

అయినా ఆపించాను. లేచి ఎడమపక్కకి వెళ్ళి చూశాను, కుడిపక్కకి వెళ్ళి చూశాను, గొంతుకూర్చుని చూశాను. పక్కనుంచి చూస్తే రంగు మారే మానిటర్ ఉంటుంది. అది కొంటే ఆపరేటర్‌కి ఒక పెళ్ళికూతురు, పక్కన కూర్చున్న నాకు ఇంకో పెళ్ళికూతురు కనపడుతుంది. మా యజమానికి సిగ్గేసింది. “ఏంటి మణీ, పందెం కోడిని చూసినట్టు చుట్టూ తిరిగి చూస్తన్నావ్?” అన్నాడు. పందెం కోడిని అంత శ్రద్ధగా చూసే మనుషులు మానిటర్ని చూడకపోవడమే ఈ ఊరి జబ్బు అన్నాను.

అద్దంలా నిగనిగలాడే తెర కూడా వద్దు. దాన్ని ఆపితే నా ముఖమూ, ట్యూబులైటూ, మా యజమాని మీసాలూ కనిపించాయి. వాటిని దిద్దడం నా పని కాదు.

సిల్వర్ గోడ

మంచి మానిటర్ కొనడంతో పని అయిపోదు. దాన్ని ఎక్కడ పెడతారన్నదే అసలు పరీక్ష. మాకు వాస్తు ఆయన వచ్చాడు. తెర తూర్పుకి చూడాలన్నాడు. తూర్పున కిటికీ. పొద్దున్నించి పదకొండింటిదాకా ఎండ సూటిగా తెర మీద. మా ల్యాబులో పొద్దున చేసిన పెళ్ళిళ్ళు ఒక రంగు, మధ్యాహ్నం చేసినవి ఒక రంగు.

అప్పుడే సురేష్ కొత్తగా చేరాడు. మైలవరం వైపు మనిషి. ఓర్పు ఎక్కువ, మాట తక్కువ. ఆల్బమ్ అట్టపెట్టె కోసి, లోపల నల్ల కాగితం అంటించి, తెర చుట్టూ గొడుగులా కట్టాడు. ఎండ ఆగింది. యజమాని చూసి “దరిద్రంగా ఉందయ్యా” అని, దానికి లోపలా బయటా ఎర్ర వెల్వెట్ గుడ్డ, బంగారు లేసు కుట్టించి తెచ్చాడు.

“ఇప్పుడు చూడు, పెళ్ళిపందిరిలా లేదూ?”

“పందిర్లాగే ఉంది సార్. అందరూ తాంబూలం నవిలి తెర మీద ఉమ్మినట్టుగా కూడా ఉంది” అన్నాను నేను.

గోడలు చిలకపచ్చ. పచ్చగోడ ముందు గంట కూర్చుంటే కన్ను పచ్చకి అలవాటు పడి, ముఖాలు ఎర్రగా కనపడి ఎరుపు తగ్గించేస్తాం. బూడిద రంగు వేయించమని అడిగాను.

“బూడిదా! మనకొచ్చేవి పెళ్ళి ఫోటోలమ్మా, కర్మకాండవి కాదు” అన్నాడు.

ఆదివారం నాడు మా ఆయనే డబ్బా తెచ్చి గోడంతా బూడిద రంగు వేసేశాడు. సోమవారం యజమాని గుమ్మంలో నిలబడిపోయి మా ఆయన్ని పిలిచాడు.

“ఏంటిది సుబ్బారావ్?”

“సిల్వర్ కలర్ సార్. హైదరాబాదు ల్యాబులన్నిట్లో ఇదే.”

“అట్టా చెప్పు మరి. సిల్వర్ అంటే ఆ రిచ్‌నెస్సే వేరు!” అని తన గదికి కూడా వేయించుకున్నాడు.

చుక్కలు ఎక్కువైతే

ఎక్కువ చుక్కల మానిటర్, అదే ఫోర్ కే, వచ్చిన మొదటి వారం అక్షరాలు చీమల్లా అయిపోయాయి. సురేష్ ముక్కు తెరకి ఆనించి పనిచేశాడు. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు అందులోనే ఉంటుంది. అది చేసుకోకుండా మెడ విరగ్గొట్టుకోకండి.

అసలు ప్రమాదం వేరు. ఆ తెరలో ముఖం మీద ప్రతి రంధ్రం, ప్రతి నూగు వెంట్రుక కనపడుతుంది. కనపడ్డదల్లా తుడిచేయాలనిపిస్తుంది. ఆ వారం మేం తుడిచిన ముఖాలన్నీ పొట్టు వలిచిన ఉడికిన గుడ్లలా తయారయ్యాయి. ఒక పెళ్ళికొడుకు గడ్డం మీద పుట్టుమచ్చ కూడా మురికి అనుకుని తుడిపించేశాను. వాళ్ళమ్మ ఆల్బమ్ తిరగేసి తిరగేసి, “అమ్మాయి మా కోడలే. ఈ అబ్బాయెవరండీ?” అంది.

దిద్దేటప్పుడు ముందు ఫోటో అంతా ఒళ్ళో ఆల్బమ్ పెట్టుకుని చూసినంత దూరంలో చూడండి. ఎక్కువ చుక్కలు పనికొచ్చేది జరీ పోగుకీ, కంటిపాప షార్పుగా ఉందో లేదో తేల్చుకోవడానికీ. పెళ్ళికూతురు చెంప మీద పరిశోధన చేయడానికి కాదు.

పసుపు కొడుతున్న తెల్లరంగు

ఇంతదాకా చెప్పింది వింటే నాకు అంతా తెలుసనిపిస్తుంది. ల్యాబులోనూ అందరికీ అలాగే అనిపించింది. నాకు మరీ ఎక్కువ అనిపించింది. ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది.

ఒక ఎండాకాలం నుంచి మానిటర్లో తెలుపు తెలుపులా కనపడటం మానేసింది. పల్చని పసుపు కొడుతోంది. “నీలం పెంచు సురేషూ” అనేదాన్ని. పెంచేవాడు. ఇంకా పెంచమనేదాన్ని.

“అక్కా, ఇప్పటికే ఎక్కువైనట్టుంది.”

“నీకు కనపట్టంలా.”

మా ఆయన ప్రింటింగ్ మెషీన్ దగ్గర ఉండేవాడు కాబట్టి, బయటికొచ్చే కాగితాలు ముందు ఆయనే చూసేవాడు. నీలం తిరుగుతున్నాయని రెండుసార్లు సైగ చేశాడు. మూడోసారి నోరు తెరిచి చెప్పాడు. మొదట్లో రాయించిన మాటలు ఆ మూడోసారివి.

ఆయన పోయిన పన్నెండు రోజుల తర్వాత పనిలోకి వచ్చాను. ఆయన మాట నిజమని ఒప్పుకుంటే, నేను ఆయనతో అన్న చివరి మాట తప్పని ఒప్పుకోవాలి. దానికంటే మానిటర్ని తిట్టడం తేలిక. “ఇది పాడైంది, మార్చండి” అన్నాను. యజమాని మార్చాడు. రెండోది వచ్చింది. అదీ పసుపే. తిప్పి పంపించాను.

మూడోది వచ్చినరోజు చూశాను. “ఇది కాస్త నయం. కానీ ఇంకొంచెం పసుపుంది” అన్నాను. సురేష్ దాని వెనక్కి తిప్పి చూపించాడు. వెనక ఒక మూల కుంకుమ బొట్టు ఉంది. మా ల్యాబులో ఏ కొత్త మెషీన్ వచ్చినా పసుపు కుంకుమ పెట్టేది నేనే. డీలరు మొదటి మానిటర్నే కొత్త పెట్టెలో పెట్టి పంపించాడు.

యజమాని మాత్రం ఆ బొట్టు చూసి “కంపెనీవాళ్ళే పూజ చేయించి పంపారే, ఎంత మర్యాదో!” అన్నాడు.

సురేష్ నా వైపు చూశాడు. “తుడిచెయ్” అన్నాను. తుడిచేశాడు.

దాన్నీ తిప్పి పంపించాను. నాలుగోది రాగానే సురేష్ తన స్నేహితుడి దగ్గర ఒక చిన్న పరికరం అడిగి తెచ్చాడు. తెర మీద బల్లిలా అతుక్కుని, తెర ఏ రంగు చూపిస్తోందో కొలిచి చెబుతుంది. అది కొలిచి, తెలుపు తెలుపుగానే ఉందని చెప్పింది. ఆ పరికరానికి పెళ్ళిళ్ళు తెలియవన్నాను. యజమాని నన్ను సమర్థించాడు.

“ముప్ఫై ఏళ్ళ కన్ను చెప్తంటే, నిన్న డబ్బాలోంచి తీసిన బల్లి మాట వింటామా?”

పిల్లలూ, ఆ బల్లి మాట వినండి. దానికి మొగుడు పోలేదు, దానికి పేరు ప్రతిష్ఠలు లేవు. అబద్ధం చెప్పాల్సిన అవసరం దానికేముంది?

నేరేడు రంగు చీర

మా వైపు పెళ్ళికూతురి తల్లులకి ఒక అలవాటు ఉంది. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చేటప్పుడు అసలు చీర సంచిలో పెట్టుకుని వస్తారు. చీర ఆల్బమ్ పక్కన పరిచి, రంగు కలిస్తేనే తీసుకుంటారు. నాకు ఆ అలవాటంటే గౌరవం.

చల్లపల్లి దగ్గర పల్లె నుంచి ఒకావిడ అలాగే వచ్చింది. చీర మడత విప్పి బల్ల మీద పరిచింది.

“ఇది మా అమ్మాయి మధుపర్కాల తర్వాత కట్టుకున్న చీరండీ. నేరేడు పండు రంగు. ఇది మీ ఆల్బమ్. సిరాబుడ్డి ఒలికినట్టుంది. ముఖాలు చూడండి, అందర్నీ కాలవలోంచి తీసి నిలబెట్టినట్టున్నారు.”

నేను చీరనీ ఆల్బమ్‌నీ ఎప్పటిలా వీధి గుమ్మంలోకి, పగటి వెలుతురులోకి తీసుకెళ్ళాను. పక్కపక్కన పట్టుకుని తేరిపార చూశాను.

“రెండూ ఒకటేగా అమ్మా” అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. “నన్ను ఆటపట్టిస్తన్నారా, నిజంగానే అంటన్నారా?”

ల్యాబులో ఎవరూ కదల్లేదు. అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు నాకు తెలిసిపోయింది. నా కళ్ళ వల్ల కాదు, వాళ్ళ మౌనం వల్ల తెలిసింది. వాళ్ళందరికీ ఎప్పటినుంచో తెలుసని కూడా తెలిసింది.

యజమాని సురేష్ మీదకి తిరిగాడు. “ఏం చేశావయ్యా దీన్ని?”

“అక్క చెప్పినట్టే చేశాను సార్.”

“అక్క ముప్ఫై ఏళ్ళనుంచి చెప్తంది. అప్పుడు లేని రోగం ఇప్పుడెక్కణ్ణించొచ్చింది? నీ చెయ్యే తేడా. రంగు తెలియనోడివి ఈ సీట్లో ఎందుకు కూర్చున్నావ్?”

నేను గుమ్మంలో చీర పట్టుకుని నిలబడి ఉన్నాను. ‘తప్పు నాది సార్’ అంటే సరిపోయేది. మూడు మాటలు. చదువు రాకపోయినా అనగలిగేవే. అనలేదు. చీర మడతపెట్టాను. చాలా శ్రద్ధగా, అంచు అంచుకి కలిపి మడతపెట్టాను.

సురేష్ ఆ సాయంత్రమే తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నా దగ్గర ఆగాడు. కోపం లేదు. “ఒక్కసారి కళ్ళు చూపించుకోండక్కా” అన్నాడు. ఒకే మాట ఇద్దరు చెప్పారు. ఒకాయన లేడు, ఇంకొకతన్ని వెళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

దుప్పటి

అయినా రెండు నెలలు ఆగాను. శైలజే బలవంతాన కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

“రెండు కళ్ళల్లోనూ శుక్లాలు బాగా ముదిరాయమ్మా” అంది డాక్టరమ్మ రాసుకుంటూ. “ఏం పని చేస్తారు మీరు?”

“రంగులు చూస్తానండీ.”

ఆవిడ రాయడం ఆపేసింది.

ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పాక మంచం మీద దుప్పటి చూశాను. ఎడమకన్ను మూస్తే మల్లెపువ్వులా తెలుపు. కుడికన్ను మూస్తే టీ వడకట్టిన గుడ్డ. అదే దుప్పటి. మూస్తూ, తెరుస్తూ ఎన్నిసార్లు చూశానో. పక్క మంచం ఆవిడ “ఏంటమ్మా, ఎవరికి కన్ను గీటుతున్నావ్?” అంది. మా ఆయనకి అని చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

వారం తర్వాత ల్యాబుకి వెళ్ళి, అల్మారాలో ఉన్న శాంపిల్ ఆల్బమ్‌లు తీసి చూశాను. ఏడాది పెళ్ళిళ్ళన్నీ తుఫాను రోజున జరిగినట్టున్నాయి. పెళ్ళికూతుళ్ళు చలికి వణికిపోతున్నట్టున్నారు. అక్షింతలు కూడా నీలంగా ఉన్నాయి.

యజమాని గదిలోకి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన లేచి తలుపు వేశాడు.

“ఎవరికన్నా చెప్పావా?”

“మీకే చెప్తన్నాను సార్. సురేష్‌ని పిలిపించండి.”

“పిచ్చిదానా! మా ల్యాబులో ఏడాదిపాటు కళ్ళు కనపడని మనిషి రంగులు చూసిందని నలుగురికీ చెప్పుకోమంటావా? ఆ తప్పు ఎట్టాగూ అతని మీద పడింది. పడిన చోట ఉండనీ. కుర్రోడు, ఎక్కడోచోట బతుకుతాడు.”

ఆ మాట మంచిగానే, నా మేలు కోరినట్టే చెప్పాడు. చెడ్డ మాటలన్నీ ఆయన అలాగే చెబుతాడు. నేను పని మానేస్తానన్నాను. ఆయనకి భారం దిగింది. సన్మానం ఏర్పాటు చేశాడు.

శాలువా

సన్మానం హాల్లో వెనక పెద్ద ఫ్లెక్సీ. అందులో నా ముఖం ఉడికిన గుడ్డులా తుడిచేశారు. కొత్త ఆపరేటర్ పనట. ముగ్గురు పెద్దమనుషులు మాట్లాడారు. ముగ్గురూ నా కళ్ళనే పొగిడారు. డేగకళ్ళు అన్నాడొకాయన. ఇలాంటి కన్ను జిల్లాలో ఇంకోటి లేదన్నాడు ఇంకొకాయన. ఆ కళ్ళల్లో అప్పటికి రెండు ప్లాస్టిక్ బిళ్ళలున్నాయని యజమానికి తెలుసు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. మైకు నాకిచ్చారు. ఇదీ అవకాశమే. “అందరికీ నమస్కారం” అని కూర్చున్నాను. అది రెండో తప్పు. మొదటిదానికి కళ్ళు కారణమని చెప్పుకోవచ్చు. దీనికి ఏ డాక్టరూ చీటీ రాసివ్వడు.

పోయిన నెల ఇబ్రహీంపట్నం వెళ్ళాను. సురేష్ అక్కడ జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ చిన్న కొట్టు నడుపుతున్నాడు. వాళ్ళావిడ కుర్చీ వేసింది. అంతా చెప్పాను. క్షమించమన్నాను.

“నాకు చెప్తే ఏం లాభం అక్కా? నాకు ముందే తెలుసుగా. తెలియనోళ్ళకి చెప్పండి” అన్నాడు.

వాళ్ళావిడ మాత్రం ఊరుకోలేదు. “చెప్పడానికి మీకు రెండేళ్ళు పట్టిందా పిన్నిగారూ? గుడివాడ ఆయన కూడా ఆ పుకారు విని వెనక్కి తగ్గుతున్నాడు. ఈయన రాత్రీ పగలూ ఫోను వంక చూస్తన్నాడు” అంది. టీ ఇచ్చింది, తాగాను.

అందుకే ఇది చెబుతున్నాను. మానిటర్ కొనేవాళ్ళు ఫోర్ కే కొనండి, మెరవని తెర కొనండి, గోడకి బూడిద రంగు వేయండి, వెలుగు తగ్గించండి, కొలిచే పరికరం ఒకటి పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక ఏడాదికోసారి కళ్ళు చూపించుకోండి. మీ పక్కన కూర్చున్నవాడు “ఎక్కువైనట్టుంది” అంటే ఒకసారి చెయ్యి ఆపండి.

గుడివాడ అయ్యగారూ, సురేష్‌కి రంగు తెలుసు. ఆ ఏడాది మా ల్యాబు ఆల్బమ్‌లు నీలం తిరగడానికి కారణం నాగమణి అనే నేను. అతను నేను చెప్పింది చేశాడు, వద్దని కూడా చెప్పాడు. అతని పని పోతుంటే నేను నోరు మూసుకున్నాను.

“అత్తయ్యా, ఇది ఉన్నదున్నట్టు వేస్తే నిన్ను అందరూ...”

“రాయవే. అదీ రాయి.”

అయిపోయింది శైలూ. ఇప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు. నువ్వు మంచిదానివి, అత్తంటే ప్రేమ ఉన్నదానివి. నా పరువు కోసం ఎక్కడో ఒకచోట మాట మెత్తగా మార్చి ఉంటావు. చదువు రానిదాన్ని, చూసి పట్టుకోలేను, వింటే పట్టుకుంటాను. చదువు. తప్పు నాది అన్న దగ్గర గొంతు తగ్గించకు.